సముద్రం లేని నగరంలో నావికుడి ఫోటో: పాత వ్యక్తిచిత్రాల సేకరణ, చరిత్ర రచన

హైదరాబాదులో ఉన్నవారు సముద్రం చూడాలంటే మచిలీపట్నం దాకా మూడువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అసఫ్‌జాహీ రాజ్యానికి ఒకప్పుడు తీరం ఉండేది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. 1788లో గుంటూరు సర్కారు కూడా చేజారింది. ఆ తర్వాత నిజాంకు సైన్యం ఉంది, ఫిరంగులు ఉన్నాయి, సొంత రైలు, సొంత నాణెం కూడా ఉన్నాయి. ఓడరేవు మాత్రం లేదు.

అలాంటి నగరంలో, చార్మినారుకు కూతవేటు దూరంలో ఉన్న పత్తర్‌గట్టి పరిసరాల్లో ఒక నావికుడి పాత ఫోటో మీ కంటబడిందనుకోండి. తెల్లని యూనిఫారం, గుండ్రని టోపీ, టోపీ చుట్టూ నల్ల రిబ్బను, ఒక చేయి కుర్చీ మీద. ఈ మనిషి ఎవరు? ఎప్పటివాడు? ఇక్కడికెలా వచ్చాడు? ఇంతకుముందు పాఠాల్లో శాసనాలు, నాణేలు, దస్తావేజులు చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో చదివారు. ఈ పాఠంలో ఫోటోను, అందులోనూ సైనికులు, నావికులు స్టూడియోలో తీయించుకున్న వ్యక్తిచిత్రాన్ని తీసుకుంటున్నాం. అలాంటి చిత్రం ఎప్పుడు ఆధారమవుతుంది, ఎప్పుడు ఒట్టి బొమ్మగా మిగిలిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి సగం జవాబు సేకరించేవారి చేతుల్లో ఉందని నా అభిప్రాయం. ఆ మాట ఎందుకంటున్నానో ముందుకు పోయేకొద్దీ మీకు తెలుస్తుంది.

పత్తర్‌గట్టి – వస్తువులు చేతులు మారే చోటు

పత్తర్ అంటే రాయి. మదీనా చౌరస్తా నుంచి చార్ కమాన్ వైపు నడిస్తే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమాన్ల వరుస కనిపిస్తుంది. కమాన్ల కింద దుకాణాలు, పైన గదులు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ఛిన్నాభిన్నం చేసింది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఆ తర్వాత చేపట్టిన పునర్నిర్మాణంలో ఈ బజారు ఇప్పటి రూపానికి వచ్చింది. ముత్యాలు, బట్టలు, అత్తరు ఇక్కడి ప్రధాన వ్యాపారాలు.

ఈ బజారును ఆనుకునే సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడి ఉండేది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వస్తువులు సేకరించారు. 1949లో ఆయన చనిపోయాక, 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడిలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. సాలార్‌జంగ్ సేకరణ ఒక మ్యూజియంగా నిలబడింది. ఎన్నో దేవిడీల సామాను అలా నిలబడలేదు. 1948 తర్వాత జాగీర్లు రద్దయ్యాయి, ఆస్తులు పంచుకున్నారు, పాకిస్తాన్‌కో గల్ఫ్‌కో లండన్‌కో కుటుంబాలు తరలిపోయాయి. ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు వెండి సామాను అమ్మారు, షాండిలియర్లు అమ్మారు. ఆల్బంలు పాత కాగితాల లెక్కన పోయాయి. గురువారం గురువారం జరిగే జుమేరాత్ బజారులోనూ, ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాల నడుమా అలాంటి కాగితాలు దొరుకుతాయి. పాతబస్తీ సందుల్లోని పురాతన వస్తువుల దుకాణాలకూ చేరతాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. పాత వస్తువుల వ్యాపారం ఊళ్లు తిరిగే వ్యాపారం. ముంబై చోర్ బజారులో కొన్నది హైదరాబాదులో అమ్ముడవుతుంది, హైదరాబాదుది ఢిల్లీకి పోతుంది. కాబట్టి పత్తర్‌గట్టిలో దొరికిన ఫోటో పత్తర్‌గట్టిదే అనుకోవడానికి లేదు. దొరికిన చోటు అమ్మకం జరిగిన చోటును మాత్రమే చెబుతుంది.

స్టూడియో కెమెరా ముందు యూనిఫారం

ఫోటోగ్రఫీని 1839లో పారిస్‌లో బహిరంగంగా ప్రకటించారు. అప్పట్లో వెండిపూత పూసిన రాగిరేకు మీద ఒక్క ప్రతే వచ్చేది. మామూలు మనిషి ఫోటో తీయించుకునే రోజు రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 1854లో డిస్డెరి అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఒకే గాజు పలక మీద అనేక చిన్న చిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. చిత్రాన్ని విజిటింగ్ కార్డంత అట్ట మీద అంటించి డజన్ల లెక్కన ఇచ్చేవారు. దాన్ని కార్త్-ద-విజిత్ అంటారు. అట్ట సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు ఉంటుంది. 1860ల రెండో సగంలో అంతకంటే పెద్దదైన క్యాబినెట్ కార్డు వచ్చింది. అది దాదాపు నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు ఉంటుంది.

ఈ చవక ఫోటో ఎవరికి అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చింది? ఇల్లు విడిచి దూరం పోయేవాడికి. ఓడ ఎక్కితే రెండు మూడేళ్లు తిరిగి రాని నావికుడు తల్లికో భార్యకో ఒక కార్డు ఇచ్చి పోయేవాడు. దారిలో రేవు తగిలినప్పుడల్లా ఇంకోటి తీయించి పంపేవాడు. అందుకే రేవు పట్టణాల్లో నావికుల మీదనే బతికిన స్టూడియోలు పుట్టుకొచ్చాయి. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్, ప్లిమత్ అలాంటివి. మధ్యధరా సముద్రంలోని మాల్టాలో రిచర్డ్ ఎల్లిస్ స్టూడియో అలాంటిదే. పంతొమ్మిదో శతాబ్దపు నావికుల చిత్రాలు ఇప్పటికీ మార్కెట్లో విరివిగా దొరకడానికి కారణం ఈ ఎడబాటే.

మన దగ్గర రేవు లేదు కాని కంటోన్మెంటు ఉంది. సికింద్రాబాదు బ్రిటిష్ దండు ఊరు. అక్కడి సిపాయిల అవసరమూ అదే. ఈ నేపథ్యంలోనే రాజా దీన్‌దయాళ్‌ను చూడాలి. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు, రూర్కీలో ఇంజనీరింగు చదివారు, ఇండోరులో ప్రజా పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చారు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు, 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ఒక బ్రిటిష్ మహిళ పర్యవేక్షణలో జనానా స్టూడియో తెరిచారు, 1890లలోనే బొంబాయిలో మరొకటి నడిపారు. నిజాం ఆయనకు 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చాడు. 1905లో ఆయన చనిపోయారు.

దీన్‌దయాళ్ పేరు చెప్పగానే రాజమహళ్లు, షికార్లు, వైస్రాయి విందులు గుర్తుకొస్తాయి. మన పాఠానికి కావలసింది వేరు. ఆ స్టూడియో నెగటివ్‌లకు నంబర్లు వేసేది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను సేకరించింది. అన్నీ ఒక్కచోట ఉండటం వల్ల ఒక చిత్రం పక్కన ఇంకో చిత్రం పెట్టి చూడగలుగుతున్నాం. వెనుక వేలాడే తెర అదే, కుర్చీ అదే, తివాచీ అదే అయితే, పేరు లేని సిపాయి ఏ కాలంలో అక్కడ నిలబడ్డాడో అంచనా కట్టవచ్చు. నవాబు పేరు ఎక్కడైనా దొరుకుతుంది. పేరులేనివాడికి ఆ కుర్చీ, ఆ తివాచీలే సాక్ష్యం.

కాగితం, అట్ట, వెనుక వైపు

పాత ఫోటో చేతికి రాగానే అందరూ ముఖం చూస్తారు. చరిత్ర విద్యార్థి ముందు వెనక్కి తిప్పి చూడాలి.

1850ల నుంచి 1890ల వరకు ఎక్కువగా వాడినది కోడిగుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితం. అది చుట్టుకుపోతుంది కాబట్టి గట్టి అట్టకు అంటించక తప్పదు. కాలం గడిచేకొద్దీ పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. జెలటిన్ పూసిన కాగితాలు 1880ల తర్వాత వ్యాపించాయి. వాటిలో నలుపు తెలుపులు చల్లగా, నీలిఛాయతో కనిపిస్తాయి. పాతబడినవాటి చీకటి భాగాల్లో వెండి మెరుపు తేలుతుంది. అట్ట వెనుక స్టూడియో పేరు, వీధి, పొందిన బిరుదులు, పతకాలు అచ్చువేసి ఉంటాయి. చిరునామా మారినప్పుడల్లా అట్టా మారుతుంది. దానితో తేదీని ఐదారేళ్లకు కుదించవచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో ఫోటోనే పోస్టుకార్డు మీద ముద్రించడం మొదలైంది. వెనుక వైపు నిలువు గీత ఉండి, ఎడమ భాగం ఉత్తరానికి, కుడి భాగం చిరునామాకు వదిలి ఉంటే ఆ కార్డు 1902కు ముందుది కాదు. రెండు ప్రపంచ యుద్ధాల కాలపు నావికుల చిత్రాలు చాలావరకు ఈ పోస్టుకార్డులే.

వెనుక రాసిన రాతను చదివేటప్పుడు సిరాను కూడా చూడండి. బాల్ పాయింట్ పెన్ను మార్కెట్లో విస్తృతంగా అమ్మకానికి వచ్చింది 1945లో. 1915 నాటి చిత్రం వెనుక బాల్ పెన్నుతో ‘1915’ అని రాసి ఉంటే ఆ రాత చిత్రం నాటిది కాదు. అంత మాత్రాన అది దొంగరాత అని తేల్చేయకండి. మనవరాలు నాయనమ్మను అడిగి రాసి ఉండవచ్చు. అలాంటి రాత చాలా విలువైనది. అయితే దాన్ని ‘తర్వాతి తరం జ్ఞాపకం’ అన్న కోవలో పెట్టాలి, సమకాలీన ఆధారంగా కాదు. మరోవైపు పేరున్న చిత్రానికి బజారులో ధర ఎక్కువ. కాబట్టి పేరు కొత్తగా పుట్టే ప్రమాదమూ ఉంది. రెండూ మనసులో పెట్టుకోవాలి.

టోపీ, చొక్కా, భుజాలు

బ్రిటిష్ నౌకాదళంలో కింది స్థాయి నావికులకు ఒకే రకమైన యూనిఫారం 1857లో వచ్చింది. దాని వెనుక కాలరు చదరంగా వీపు మీద పరుచుకుని ఉంటుంది, అంచున మూడు తెల్ల గీతలు ఉంటాయి. అవి నెల్సన్ గెలిచిన మూడు యుద్ధాలకు గుర్తు అని పుస్తకాల్లో కూడా రాస్తుంటారు. దానికి ఆధారం లేదు. వినడానికి బాగున్న కథలన్నీ యూనిఫారాల చుట్టూనే అల్లుకుంటాయేమో అనిపిస్తుంది నాకు.

ఎడమ చేతి మీద హోదా గుర్తు ఉంటుంది. ఒక లంగరు ఉంటే ‘లీడింగ్’ హోదా, ఒకదానిమీదొకటి వేసిన రెండు లంగర్లు ఉంటే పెటీ ఆఫీసరు. కుడి చేతి మీద పని గుర్తు ఉంటుంది. ఫిరంగి, టార్పెడో, తంతి వంటివాటిలో ఆ మనిషి దేనిలో శిక్షణ పొందాడో అది చెబుతుంది. హోదా గుర్తు కుడి చేతి మీద కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ముద్రించారేమోనని అనుమానించాలి. ఇనుప రేకు మీద తీసే టిన్‌టైపు చిత్రాల్లో ఎలాగూ అంతా అద్దంలో చూసినట్లే తారుమారవుతుంది. అమెరికా అంతర్యుద్ధ కాలపు నావికుల చిత్రాల్లో అక్షరాలు తలకిందులుగా కాక కుడి ఎడమలుగా కనిపించడానికి అదే కారణం.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది టోపీ రిబ్బను. శాంతి కాలంలో దాని మీద ఓడ పేరు బంగారు దారంతో నేసి ఉంటుంది. యుద్ధం వస్తే పేరున్న రిబ్బను తీసేయిస్తారు. ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువుకు తెలియకూడదు కదా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నావికుడి రిబ్బను మీద ‘హెచ్.ఎం.ఎస్.’ అని, ఆస్ట్రేలియా నావికుడి మీద ‘హెచ్.ఎం.ఎ.ఎస్.’ అని, భారతీయుడి మీద ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ అని మాత్రమే ఉండేది. మన దేశంలో రాయల్ ఇండియన్ మెరైన్ 1934 అక్టోబరు 2న రాయల్ ఇండియన్ నేవీ అయింది. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చాక ఓడల పేర్ల ముందు ‘ఐ.ఎన్.ఎస్.’ చేరింది. అంటే హెచ్.ఎం.ఐ.ఎస్. అని ఉన్న చిత్రం 1934కూ 1950కీ మధ్యది. ఓడ పేరు లేకపోతే 1939–45 యుద్ధ కాలానిది అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకో పొరపాటు తరచు జరుగుతుంది. నావికుడి దుస్తుల్లో ఉన్న పిల్లవాడిని చూసి ‘ఓడ మీద పనిచేసిన బాలుడు’ అని రాసేస్తారు. 1846లో విక్టోరియా రాణి కొడుకును చిన్న నావికుడి దుస్తుల్లో చిత్రించిన తర్వాత ఆ దుస్తులు ఐరోపా సంపన్న కుటుంబాల పిల్లలకు ఫ్యాషన్ అయ్యాయి, క్రమంగా సామ్రాజ్యమంతా పాకాయి. టోపీ మీది పేరు దర్జీవాడు ఎంచుకున్నది. దాన్ని బట్టి ఓడను వెతికితే దారి తప్పుతాం.

నిజాం పేరుతో ఒక యుద్ధనౌక

హైదరాబాదుకూ నావికులకూ నేరుగా సంబంధం కలిపే ఓడ ఒకటుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ ఒక డెస్ట్రాయర్ కట్టింది. 1940 జులైలో నీటిలోకి దింపారు. 1941 జనవరిలో ‘నిజాం’ పేరుతోనే ఆస్ట్రేలియా నౌకాదళం దాన్ని నడపడం మొదలుపెట్టింది. ఆ ఓడ 1941లో క్రీట్ ద్వీపం నుంచి సైనికులను తరలించింది, ముట్టడిలో ఉన్న టోబ్రుక్‌కు సరుకులు మోసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన ఒక రాకాసి అల కొట్టి ఓడ దాదాపు పక్కకు ఒరిగిపోయింది. పదిమంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగిన రోజున అది టోక్యో అఖాతంలో ఉంది. అక్టోబరులో సేవ నుంచి తప్పించారు, 1950లలో తుక్కు కింద విడగొట్టారు.

ఆ నౌక మీద పనిచేసిన కుర్రవాళ్లు మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్టూడియోలో నిలబడి తీయించుకున్న ఫోటోలను మనం చూస్తే, టోపీ మీద సాధారణంగా ‘నిజాం’ అని ఉండదు. యుద్ధ కాలం కాబట్టి నాలుగక్షరాలే ఉంటాయి. కాబట్టి యుద్ధ కాలపు చిత్రమని చెబుతూ పేరు స్పష్టంగా కనిపించే ఫోటోను ఎవరైనా ‘నిజాం నావికుడు’ అని హైదరాబాదు కొనుగోలుదారుకు చూపిస్తే వెంటనే నమ్మకుండా ఒకటికి రెండుసార్లు ప్రశ్నించాలి. మరి ఆ ఓడవాడని ఎలా తెలుస్తుంది? వెనుక రాసిన పేరుతో, ఆ పేరును సేవా రికార్డుతో సరిపోల్చడంతో. ఆస్ట్రేలియాలో అది సాధ్యమే. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ ఇలాంటి చిత్రాలను, వాటిలో ఉన్నవారి వివరాలను కలిపి భద్రపరుస్తోంది.

బ్రిటన్‌లో ఈ పని ఇంకా ముందే మొదలైంది. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ మ్యూజియం, యుద్ధంలో చనిపోయినవారి ఫోటోలు పంపమని కుటుంబాలను కోరింది. అలా 15 వేలకు పైగా చిత్రాలు చేరాయి. అందులో నావికులూ ఉన్నారు. తల్లి పంపిన ఫోటోకు తల్లి ఇచ్చిన పేరు జతగా ఉంది. అమెరికాలో కథ మరోలా నడిచింది. అక్కడ లిల్జెన్‌క్విస్ట్ కుటుంబం అంతర్యుద్ధ కాలపు సైనికులు, నావికుల చిత్రాలను మార్కెట్లో ఒక్కొక్కటిగా కొని, 2010 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తూ వచ్చింది. ఎక్కువమందికి పేర్లు లేవు. గ్రంథాలయం వాటిని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. చూసినవారు యూనిఫారం వివరాలు చెప్పారు, కొందరి పేర్లు కూడా తేలాయి. సొంత డబ్బుతో కొన్న సేకరణను బీరువాలో దాచుకోకుండా జనం ముందు పెడితే ఏం జరుగుతుందో దీన్ని బట్టి చూడవచ్చు.

మన నావికులు

ఇప్పుడు మన వైపు రండి. రాయల్ ఇండియన్ నేవీలో 1939లో రెండు వేల లోపు మంది ఉండేవారు. యుద్ధం ముగిసేసరికి పాతిక వేలు దాటారు. తీరప్రాంతం వాళ్లే కాక, సముద్రం ఎరుగని జిల్లాల యువకులు కూడా చేరారు. ఆ నౌకాదళపు ఓడల పేర్లలో గోదావరి, కృష్ణా ఉన్నాయి. రెండూ 1943లో సేవలోకి వచ్చాయి. దేశ విభజనలో గోదావరి పాకిస్తాన్‌కు పోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన విశాఖపట్నంలో ఈ నౌకాదళానికి స్థావరం ఉంది. దాని పేరు సర్కార్స్. 1766లో నిజాం వదులుకున్న తీరం పేరే అది.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే సిగ్నల్ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు. చెడ్డ తిండి, అధికారుల జాతి దూషణ, జీతాల్లో తేడా తక్షణ కారణాలు. ఆజాద్ హింద్ ఫౌజ్ ఖైదీల విడుదల వంటి రాజకీయ డిమాండ్లూ తోడయ్యాయి. కొద్ది రోజుల్లోనే 78 ఓడలు, 20 తీరస్థావరాలు, దాదాపు 20 వేలమంది నావికులు అందులో చేరారని లెక్క. కరాచీలో కాల్పులు జరిగాయి. విశాఖలోనూ అలజడి రేగింది. ఫిబ్రవరి 23న కాంగ్రెస్, ముస్లింలీగ్ నాయకుల సలహాతో లొంగిపోయారు. చాలామందిని ఉద్యోగం నుంచి తీసేశారు. స్వతంత్రం వచ్చాక కూడా వాళ్లను తిరిగి నౌకాదళంలోకి తీసుకోలేదు.

ఈ సంఘటన మీద నాయకుల ప్రకటనలున్నాయి, విచారణ కమిషన్ నివేదిక ఉంది, పత్రికలున్నాయి. ఆ ఇరవై వేలమంది ముఖాలు ఎక్కడున్నాయి? కుటుంబాల ఆల్బంల్లో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మొదటి జీతంతో బొంబాయిలోనో కరాచీలోనో తీయించుకుని ఇంటికి పంపిన పోస్టుకార్డు అది. మనకు ఆ కుటుంబాల నుంచి పేరుతో సహా చిత్రాలు కోరి తెప్పించిన 1917 నాటి మ్యూజియం వంటిది లేదు. అలాంటి ఫోటో పాత కాగితాల కట్టలోకి చేరితే, ఆ మనిషి ఇరవై వేలలో ఒకడా కాదా అన్నది తేల్చే దారి మూసుకుపోతుంది. నావికుల పాత చిత్రాల సేకరణను ఒట్టి సరదాగా నేను చూడలేకపోవడానికి కారణం ఇదే.

ఒక కార్డును చదవడం

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మొదట చెప్పిన నావికుడి కార్డే మీ చేతిలో ఉంది. రిబ్బను మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని మాత్రమే ఉంది. కుడి చేతి మీద తంతి పని గుర్తు. వెనుక నిలువు గీత ఉంది, స్టాంపు లేదు. సగం చెరిగిన బొంబాయి స్టూడియో రబ్బరు ముద్ర, పెన్సిలుతో రెండు పంక్తుల ఉర్దూ రాత ఉన్నాయి.

నిలువు గీత ఇక్కడ కొత్తగా ఏమీ చెప్పదు. రిబ్బను యుద్ధ కాలాన్ని సూచిస్తోంది. బొంబాయి ముద్ర చిత్రం తీసిన ఊరిని చెబుతుంది, పుట్టిన ఊరిని కాదు. తంతి గుర్తు ఉంది కాబట్టి తల్వార్ శిక్షణ కేంద్రంలో ఉన్నాడని, కాబట్టి 1946 సమ్మెలో ఉన్నాడని చెప్పాలన్న ఉబలాటం కలుగుతుంది. ఆగండి. తంతి నేర్చినవాళ్లు ఓడలన్నిటి మీదా ఉన్నారు, వేరే సంవత్సరాల్లోనూ ఉన్నారు. అది వెతకవలసిన దిక్కు మాత్రమే.

ఉర్దూ రాత చూసి ముస్లిం కుటుంబమని రాసేవాళ్లే ఎక్కువ. హైదరాబాదు రాష్ట్రంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన కూడా ఉర్దూలోనే సాగింది. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్లలోని పెద్దలు ఎందరో ఉర్దూలోనే ఉత్తరాలు రాసుకునేవారు. కాబట్టి ఆ రాత అక్షరాస్యతను, బహుశా ప్రాంతాన్ని చెబుతుంది, మతాన్ని చెప్పదు. ముందు ఆ రెండు పంక్తులను చదవగలిగినవారి చేత చదివించాలి. ఇంత తేలికైన పని కూడా జరగకుండానే ఎన్ని కార్డులు చేతులు మారతాయో!

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కార్డు దుకాణానికి ఒంటరిగా వచ్చిందా? సాధారణంగా రాదు. ఒక ఆల్బంలోనో, ట్రంకు పెట్టెలోనో, ఉత్తరాల కట్టతోనో వస్తుంది. ఆ ఆల్బంలో ముందు పేజీలో తండ్రి ఉంటాడు, తర్వాతి పేజీలో పెళ్లి ఉంటుంది, వెనుక ఊరి స్టూడియో పేరు ఉంటుంది. యూనిఫారం ఫోటోకు గిరాకీ ఎక్కువ కాబట్టి వ్యాపారి దాన్ని విడిగా తీసి అమ్ముతాడు. పెళ్లి ఫోటో ఇంకొకరికి పోతుంది. ఫ్రేము బాగుంటే ఫ్రేము ఒకరికి, లోపలి బొమ్మ చెత్తకు. వ్యాపారిని తప్పుపట్టడం తేలిక, అతనికి అది జీవనం. విడదీసిన చిత్రానికే ఎక్కువ ధర ఇచ్చేది మనం, అంటే సేకరించేవాళ్లం. ఆల్బం మొత్తానికి ధర కడితే వ్యాపారి ఎందుకు విడదీస్తాడు? కనీసం ఏ కట్టలో నుంచి తీశాడో అడిగి రాసుకుంటే, రేపు అదే కట్టలోని మరో ఫోటో మరొకరి దగ్గర దొరికినప్పుడు రెండూ కలుస్తాయి.

జీవించి ఉన్న కుటుంబాల విషయం కూడా ఆలోచించాలి. యాభై అరవై ఏళ్లనాటి చిత్రంలో ఉన్నవారి పిల్లలు బతికే ఉంటారు. పేరు తెలిసిన చోట వారిని వెతికి చెప్పడం, అడిగితే కనీసం ప్రతి ఇవ్వడం మర్యాద. ఇంట్లోని స్త్రీల చిత్రాలను అందరికీ పంచేముందు మరింత జాగ్రత్త పడాలి. పరదా పాటించిన ఇళ్లనుంచి వచ్చిన ఆల్బంలకు ఇది ఇంకా వర్తిస్తుంది.

అభ్యాసం

మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో 1975కు ముందు స్టూడియోలో తీసిన ఒక వ్యక్తిచిత్రాన్ని ఎంచుకోండి. యూనిఫారంలో ఉన్నది దొరికితే మంచిది. రైల్వే, పోలీసు, ఆర్.టి.సి., సైన్యం, ఏదైనా సరే. కొలత, కాగితం, అట్ట, ముద్ర, రాత చూసి రాయండి. దాన్ని ఏ పెట్టెలో, ఏ ఆల్బంలో, ఎన్నో పేజీలో చూశారో, దాని పక్కన ఏ చిత్రాలున్నాయో రాయండి. ఇంట్లో పెద్దవారిని అడిగి వారు చెప్పిన మాటలను వారి మాటల్లోనే, చెప్పిన తేదీతో సహా రాయండి. మీరు కంటితో చూసినదానికి ఒక రంగు సిరా, విన్నదానికి ఇంకో రంగు సిరా, ఊహించినదానికి పెన్సిలు వాడండి. మూడూ కలిసిపోయిన జవాబు పత్రానికి నేనైతే మార్కులు తగ్గిస్తాను.

ఫోటో ముందు వైపు ఏమీ రాయకూడదు. వెనుక రాయక తప్పకపోతే మెత్తని పెన్సిలుతో, అంచున, తేలికగా రాయండి. సెల్లోటేపు వేయకండి, జిగురు పూసిన ప్లాస్టిక్ ఆల్బంలో పెట్టకండి. ఆ జిగురు ఇరవై ఏళ్లలో ముఖాన్ని తినేస్తుంది. వివరాలు రాసిన కాగితాన్ని మడిచి, ఫోటోతోపాటు ఒకే కవరులో ఉంచి, కవరు మీద ఆ వ్యక్తి పేరు, ఊరు, చెప్పినవారి పేరు రాసి, ఆ కవరును ఆల్బంలో తీసిన పేజీ దగ్గరే తిరిగి పెట్టండి.